చెమట వాసనకు ఏది వాడాలి? డియోడరెంట్, యాంటీపర్స్పిరెంట్, సబ్బు, బట్టలు: ఎవరికి ఏది సరిపోతుంది

చెమట విపరీతంగా పట్టడం ఒక సమస్య. చెమట మామూలుగానే ఉన్నా ఒంటి నుంచి వాసన రావడం ఇంకో సమస్య. ఒంటికేమీ లేదు గానీ, ఉతికిన చొక్కా వేసుకున్న అరగంటకే చంకల దగ్గర పాత కంపు లేవడం మూడోది. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మూడింటికీ ఒకే రకం సీసా కొంటాం. పని చేయకపోతే బ్రాండు మారుస్తాం, ఇంకా ఘాటైన సెంటు ఉన్నది తెస్తాం. బ్రాండు ఎన్నిసార్లు మార్చినా రకం మారకపోతే ఫలితం మారదు. ఏ సమస్యకు ఏ రకమో తెలిస్తే ఖర్చూ తగ్గుతుంది, నలుగురిలో కూర్చున్నప్పుడు టెన్షనూ తగ్గుతుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఒంటి వాసన ఉన్నవాళ్లంతా స్నానం సరిగ్గా చేయరని అనుకోవడం అన్యాయం. రెండు పూటలా శుభ్రంగా స్నానం చేసేవాళ్లకూ ఈ ఇబ్బంది ఉంటుంది. పుట్టుకతో వచ్చిన జన్యువులు, చర్మం మీద ఉండే సూక్ష్మజీవులు, వేసుకునే బట్ట, వాడే మందులు, అన్నిటికీ ఇందులో పాత్ర ఉంది.

మీ సమస్య ఏది?

మన వాసన మనకు తెలియదు. ఒకే వాసన కాసేపు తగులుతూ ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి చంక దగ్గర ముక్కు పెట్టి చూసుకుని "ఏమీ లేదులే" అనుకుంటే సరిపోదు. ఒక సెలవు రోజు స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా తుడుచుకుని, ఏమీ రాసుకోకుండా ఉతికిన కాటన్ బనియన్ వేసుకోండి. మామూలు పనులు చేసుకోండి. సాయంత్రం బనియన్ విప్పి ఒక పక్కన పెట్టి, కాసేపు బయట తిరిగి వచ్చి, అప్పుడు చంక భాగాన్ని వాసన చూడండి. బట్ట తడిసి ముద్దయినా పెద్దగా వాసన లేకపోతే మీది చెమట సమస్య. బట్ట దాదాపు పొడిగానే ఉండి వాసన గుప్పున కొడితే మీది వాసన సమస్య. రెండూ ఉంటే రెండూ.

బట్టల సంగతి తేల్చుకోవడం ఇంకా సులువు. ఉతికి ఆరేసిన చొక్కాని తిరగేసి, చంక కుట్టు దగ్గర ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆనించి తీసి వాసన చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఏమీ అనిపించని చొక్కా నుంచి వేడి తగలగానే నిన్నటి, మొన్నటి చెమట వాసన లేస్తే లోపం మీ ఒంట్లో లేదు. ఉతకడంలోనో, బట్ట రకంలోనో ఉంది. ఒంటి వేడికి ఆ చొక్కా రోజూ చేసేది కూడా ఇదే.

ఈ పరీక్షలు చేసి చూసినా ఏమీ తేలక, ఇంట్లోవాళ్లు కూడా "ఏ వాసనా లేదు" అంటున్నా, మీకు మాత్రం ఒళ్లు కంపు కొడుతోందన్న భయం వదలడం లేదా? ఎదుటివాళ్లు ముక్కు తుడుచుకున్నా మీ వల్లేనేమో అనిపిస్తోందా? అది సబ్బులతో తీరేది కాదు. అలాంటి బాధ నిజంగా ఉంది, వైద్యులు దాన్ని గుర్తించారు కూడా. మానసిక వైద్యుల దగ్గర దానికి చికిత్స ఉంది. రోజుకు ఐదుసార్లు ఒళ్లు రుద్దుకుని చర్మం పాడు చేసుకునే ముందు వాళ్లను కలవడం మేలు.

వాసన ఎలా పుడుతుంది

మన ఒంటి నిండా ఇరవై నుంచి నలభై లక్షల దాకా మామూలు చెమట గ్రంథులు ఉంటాయి. ఎండకి, వ్యాయామానికి కారే చెమట వీటిదే. అందులో ఎక్కువ భాగం నీరు, కాస్త ఉప్పు. చంకల్లో, తొడల మొదట్లో వేరే రకం గ్రంథులు కూడా ఉన్నాయి. యవ్వనం వచ్చేదాకా ఇవి నిద్రాణంగా ఉంటాయి. తర్వాత కొవ్వు, ప్రోటీన్ కలిసిన చిక్కటి చెమటను కొద్దికొద్దిగా వదులుతాయి. భయం, కంగారు, కోపం వచ్చినప్పుడు ఇవి చప్పున స్పందిస్తాయి. ఇంటర్వ్యూ రోజు చెమటకు మామూలు రోజు చెమట కంటే ఎక్కువ వాసన ఉండటానికి ఇదొక కారణం.

అయితే ఈ చిక్కటి చెమటకు కూడా బయటికి వచ్చిన క్షణంలో వాసన ఉండదు. 1953లో షెల్లీ, హర్లీ అనే అమెరికన్ చర్మ వైద్యులు తమ సహచరులతో కలిసి దీన్ని చూపించారు. బ్యాక్టీరియా సోకకుండా సేకరించిన చంక చెమటకు వాసన రాలేదు, బ్యాక్టీరియా కలిశాక వచ్చింది. ఇప్పుడు ఆ బ్యాక్టీరియా పేర్లు కూడా తెలుసు. కొరైనెబ్యాక్టీరియం జాతి ఒకటి, స్టెఫైలోకాకస్ హోమినిస్ ఇంకొకటి. ఇవి చెమటలోని పదార్థాలను విడగొట్టి కొన్ని ఆమ్లాలను, గంధకం కలిసిన ఘాటైన పదార్థాలను తయారుచేస్తాయి. ఆ గంధక పదార్థాలు అతి కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

కాబట్టి వాసనను ఆపడానికి దారులు రెండే: చెమటను తగ్గించడం, లేదా బ్యాక్టీరియాను తగ్గించడం. వచ్చిన వాసన మీద ఇంకో వాసన చల్లడం ఏ దారీ కాదు. చెమట కంపు మీద కొట్టిన సెంటు రెండింటి కంటే ఘోరమైన మూడో వాసన అవుతుంది. సెంటు తప్పని అనడం లేదు. శుభ్రమైన ఒంటి మీద దాని అందం దానిది.

కొందరికి అసలు చంక వాసన రాదు. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు ఆ వాసనకు కావలసిన ముడిసరుకే చెమటలోకి చేరదు. తూర్పు ఆసియాలో ఇలాంటివాళ్లు ఎక్కువ. అదే జన్యువు చెవి గులిమిని కూడా నిర్ణయిస్తుంది. గులిమి పొడిగా, పొట్టులా రాలేవాళ్లకు చంక వాసన చాలా తక్కువగా ఉంటుంది, జిగటగా ఉండేవాళ్లకు వాసన వచ్చే అవకాశం ఉంటుంది. 2013లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇలా వాసన రాని ఆడవాళ్లలో కూడా నాలుగింట మూడు వంతులకు పైగా డియోడరెంట్ వాడుతున్నారని తేలింది. అవసరం ఉందో లేదో చూసుకోకుండా అలవాటు కొద్దీ కొనేవాళ్లు ఎంతమందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

డియోడరెంట్, యాంటీపర్స్పిరెంట్

ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే ఎక్కువమంది నిరాశపడతారు. డియోడరెంట్ చెమటను ఆపదు. బ్యాక్టీరియాను తగ్గించి, కాస్త సువాసన ఇస్తుంది. యాంటీపర్స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలు ఉంటాయి. అవి చెమటతో కలిసి చెమట నాళాల మొదట్లో జెల్ లాంటి అడ్డుకట్టగా ఏర్పడి, చెమట బయటికి రావడాన్ని తగ్గిస్తాయి. పూర్తిగా ఆపవు. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో చెమటను 20 శాతం తగ్గించగలిగితే చాలు, యాంటీపర్స్పిరెంట్ అని అమ్మవచ్చు. 30 శాతం తగ్గిస్తే "అదనపు ప్రభావం" అని రాసుకోవచ్చు. చొక్కా తడిసి ఆరకుండా ఉండేవాళ్లకు మామూలు రకం ఎందుకు సరిపోదో ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

సీసా ముందువైపు ఉన్న పెద్ద అక్షరాలను పక్కన పెట్టి, వెనకాల పదార్థాల జాబితా చదవండి. అల్యూమినియం క్లోరోహైడ్రేట్, అల్యూమినియం జిర్కోనియం, అల్యూమినియం క్లోరైడ్ లాంటి పేరు ఉంటే అది యాంటీపర్స్పిరెంట్. లేకపోతే డియోడరెంట్. పేరు "బాడీ స్ప్రే" అయితే చాలావరకు అది ఆల్కహాల్ కలిపిన సువాసన మాత్రమే.

నా సలహా ఇది. పైన చెప్పిన పరీక్షలో వాసన మాత్రమే బయటపడితే, సబ్బు మార్చి చూసినా (ఆ సంగతి కింద చెప్తాను) తగ్గకపోతే, డియోడరెంట్‌తో మొదలుపెట్టండి. తడి కూడా ఉంటే నేరుగా యాంటీపర్స్పిరెంట్‌కి వెళ్లండి, డియోడరెంట్‌తో నెలలు గడపవద్దు. తడి తగ్గితే బ్యాక్టీరియాకు మేత కూడా తగ్గుతుంది కాబట్టి వాసన కూడా చాలావరకు అదుపులోకి వస్తుంది.

యాంటీపర్స్పిరెంట్ కొన్నవాళ్లలో చాలామంది దాన్ని వాడకూడని సమయంలో వాడతారు. పొద్దున స్నానం చేసి, చంకలు ఇంకా తడిగా ఉండగానే రాసుకుని, వెంటనే చొక్కా తొడుక్కుని పరుగున బయటపడతారు. లవణం నాళంలోకి చేరేలోపే చెమట దాన్ని కడిగేస్తుంది, మిగిలింది చొక్కాకు అంటుకుంటుంది. రాత్రి పడుకునే ముందు రాసుకోవాలి. అప్పుడు చెమట తక్కువగా ఉంటుంది, అడ్డుకట్ట ఏర్పడటానికి కొన్ని గంటలు దొరుకుతాయి. చంకలు కడిగి, తువ్వాలుతో అద్ది, అయిదారు నిమిషాలు ఫ్యాన్ కింద చేతులు ఎత్తి ఆరనివ్వండి. వేలితో తాకితే పొడిగా తగలాలి. అప్పుడు పలచగా ఒకటి రెండు సార్లు రాయండి. తెల్లటి పొర కనిపించేలా పూయాల్సిన పని లేదు. అది కూడా ఆరాకే బట్ట వేసుకోండి. పొద్దున స్నానం చేసినా ప్రభావం పోదు, ఎందుకంటే అడ్డుకట్ట నాళం లోపల ఉంటుంది. ఒక రాత్రికే తీర్పు చెప్పకండి, వారం పది రోజులు చూడండి.

మామూలు రకంతో లాభం లేకపోతే మందుల షాపులో అల్యూమినియం క్లోరైడ్ ఎక్కువ శాతం ఉన్నవి, 20 శాతం దాకా, దొరుకుతాయి. ఇవి గట్టిగా పనిచేస్తాయి, అంతే గట్టిగా మంట కూడా పుట్టిస్తాయి. కొంచెం తడి తగిలినా ఆమ్లం తయారై చర్మం ఎర్రబడుతుంది. పూర్తిగా ఆరిన చర్మం మీద రాత్రి రాసి, పొద్దున కడిగేయాలి. చెమట అదుపులోకి వచ్చేదాకా రోజూ, తర్వాత వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు. షేవింగ్ చేసుకున్న రోజు, మరుసటి రోజు వీటి జోలికి వెళ్లవద్దు.

అల్యూమినియం మంచిది కాదట కదా అని చాలామంది అడుగుతారు. రొమ్ము క్యాన్సర్‌కి గానీ, అల్జీమర్స్‌కి గానీ యాంటీపర్స్పిరెంట్ కారణమని ఇప్పటిదాకా రుజువు కాలేదు. చర్మం గుండా లోపలికి చేరే అల్యూమినియం అతి స్వల్పం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే వాడాలి, ఎందుకంటే అల్యూమినియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకునే రోజు ఎవరూ రాసుకోకూడదు, దాని కణాలు చిత్రంలో మచ్చల్లా కనిపించి డాక్టర్లను తికమక పెట్టవచ్చు. ఇంత తెలిసినా మనసొప్పకపోతే డియోడరెంట్ వాడుకోండి, అందులో తప్పేమీ లేదు. చెమట తగ్గుతుందని మాత్రం ఆశించకండి.

రోల్ ఆన్, స్టిక్, స్ప్రేలలో ఏది మంచిదన్నది పెద్ద ప్రశ్న కాదు. రోల్ ఆన్ ఆరడానికి సమయం తీసుకుంటుంది గానీ సరిగ్గా అంటుతుంది. (బాల్ పెన్నును చూసి వచ్చిన ఆలోచన అది, 1952లో మార్కెట్లోకి వచ్చింది.) స్టిక్ త్వరగా ఆరుతుంది, ముదురు రంగు బట్టలకు తెల్ల మరకలు చేస్తుంది. స్ప్రే హాయిగా ఉంటుంది గానీ సగం గాల్లో కలుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, వాళ్లతో గది పంచుకునేవాళ్లు స్ప్రే మానేయడం మంచిది.

"సహజం" అని అమ్మేవాటి సంగతి

పటిక ముక్కను తడిపి చంకలకు రుద్దుకోవడం పాత పద్ధతి. బ్యాక్టీరియాను కొంత తగ్గిస్తుంది, వాసన స్వల్పంగా ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. అయితే అల్యూమినియం వద్దనుకుని పటిక కొనుక్కునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. డబ్బా మీద "అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లేదు" అని రాసి ఉంటే అది నిజమే, కానీ అల్యూమినియం అసలే లేదని దానర్థం కాదు.

వంటసోడా కలిపిన డియోడరెంట్లు నేను ఎవరికీ సిఫారసు చేయను. వాసన తగ్గుతుంది, నిజమే. కానీ చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, వంటసోడాది క్షార గుణం. కొన్ని వారాలు వాడాక చంకలు ఎర్రబడి, దురద పెట్టి, నల్లబడటం చాలామందికి ఎదురయ్యేదే. చర్మం విషాలను బయటికి నెట్టేస్తోందని, ఓర్చుకుంటే తగ్గిపోతుందని కొందరు అమ్మకందారులు చెబుతారు. అది నమ్మకండి. అది మంట, అంతే. వెంటనే ఆపాలి. అల్యూమినియం లేనిదే కావాలంటే మాండెలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం లాంటివి స్వల్పంగా ఉన్నవో, జింక్ రిసినోలియేట్ ఉన్నవో చూడండి.

టాల్కం పౌడర్ తడిని పీల్చుకుంటుంది గానీ బ్యాక్టీరియాను ఏమీ చేయదు. ఎక్కువ చెమట పట్టేవాళ్లకు గంటలోనే ముద్దలు కడుతుంది. పైగా 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ని క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. మర్మాంగాల దగ్గర వాడకండి, చిన్నపిల్లల ముఖం దగ్గర చల్లకండి. పౌడర్ కావాల్సిందే అనిపిస్తే మొక్కజొన్న పిండితో చేసినవి ఉన్నాయి.

సబ్బు మారిస్తే చాలా?

కొందరికి చాలు. వాసన మాత్రమే ఉండి చెమట ఎక్కువగా లేనివాళ్లు ముందుగా ఇక్కడే ప్రయత్నించాలి, ఎందుకంటే ఇది చౌక.

"క్రిములను చంపుతుంది" అని రాసి ఉన్న సబ్బులకు ఎగబడకండి. 2016లో ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలను అలాంటి సబ్బుల నుంచి తీసేయమంది. మామూలు సబ్బు, నీళ్ల కంటే అవి మెరుగని కంపెనీలు నిరూపించలేకపోవడమే కారణం. నురగ బాగా వచ్చే మామూలు సబ్బుల్లో క్షార గుణం ఎక్కువ. చర్మం పొడిబారేవాళ్లు దానికి బదులు చర్మం ఆమ్ల గుణానికి దగ్గరగా ఉండే క్లెన్సింగ్ బార్ తీసుకోవచ్చు.

నిజంగా తేడా చూపించేది మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్. చర్మ వైద్యులు చంక వాసనకు కూడా దీన్ని సూచిస్తుంటారు. తక్కువ శాతం ఉన్నదానితో మొదలుపెట్టి, స్నానంలో చంకలకు రాసి ఒకటి రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగేయాలి. రోజు విడిచి రోజు చాలు. రంగు తువ్వాళ్లను, రంగు బనియన్లను ఇది తెల్లగా మచ్చలు పడేలా చేస్తుంది, కాబట్టి దానికి తెల్ల తువ్వాలు వేరుగా పెట్టుకోండి. చర్మం మండితే మానేయండి.

ఎన్నిసార్లు స్నానం చేయాలన్నదాని కంటే ఎక్కడ రుద్దుకుంటున్నాం, ఎలా తుడుచుకుంటున్నాం అన్నది ముఖ్యం. ఒళ్లంతా పీచుతో గీకి, చంకలకు మాత్రం పైపైన నురగ తగిలించి నీళ్లు పోసుకునేవాళ్లు ఎక్కువ. చేతులకు, కాళ్లకు, వీపుకు రోజూ సబ్బు లేకపోయినా పెద్ద నష్టం లేదు. చంకలు, గజ్జలు, పాదాల వేళ్ల సందులు, రొమ్ముల కింద, పొట్ట మడతల్లో మాత్రం వేళ్లతో రుద్ది కడగాలి, తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి. తువ్వాలుకే పాచి వాసన ఉంటే స్నానం వృథా. రెండు మూడు రోజులకోసారి ఉతకండి, ప్రతిసారీ విప్పి ఆరేయండి.

చంకల్లో వెంట్రుకలు తీసేయాలా? తీసేస్తే సబ్బు చర్మానికి బాగా అందుతుంది, చెమట నిలవదు, రాసుకునేది నేరుగా చర్మానికి తగులుతుంది. కొంత ఉపయోగం ఉంది. మళ్లీ పెరిగితే ఆ ఉపయోగం పోతుంది. ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకున్నా చాలు, బ్లేడు గాట్లు, పొక్కుల బాధ ఉండదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇది ఇష్టాన్ని బట్టి చేసుకునేది, శుభ్రతకు తప్పనిసరి కాదు.

బట్టలు: ఎక్కువమంది చూడని చోటు

వాసన పోవడం లేదని అన్నీ మార్చి చూసినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: బీరువా తెరవండి. అక్కడ పాలిస్టర్ టీషర్టులు ఎన్ని ఉన్నాయో చూడండి.

2014లో బెల్జియం పరిశోధకులు 26 మందితో గంటసేపు సైకిల్ వ్యాయామం చేయించి, వాళ్ల చొక్కాలను ఒక రోజుకు పైగా అలాగే ఉంచి వాసన చూపించారు. పాలిస్టర్ చొక్కాలు కాటన్ వాటి కంటే స్పష్టంగా ఎక్కువ కంపు కొట్టాయి. చంకలో పెద్దగా లేని మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగింది. పాలిస్టర్ నీటిని పీల్చుకోదు, జిడ్డును మాత్రం పట్టుకుంటుంది. వాసన పదార్థాలు ఆ జిడ్డుతో పాటే దారాల్లో కూర్చుంటాయి. చల్లటి నీళ్లలో ఉతికితే పూర్తిగా పోవు. కాటన్ తడిసి బరువెక్కుతుంది, ఆరడం ఆలస్యం, కానీ ఉతికితే వాసన వదిలేస్తుంది. ఉన్ని బట్టల్లో వాసన అన్నిటికంటే తక్కువ నిలుస్తుంది. అందుకే సాక్సులకు పలచటి ఉన్ని మంచి ఎంపిక, ఖరీదు ఎక్కువైనా సరే.

రోజంతా ఒంటి మీద ఉండే చొక్కాకి, లోదుస్తులకి కాటన్ తీసుకోండి. పాలిస్టర్‌ని వ్యాయామం చేసే గంటకే పరిమితం చేసి, అయిపోగానే విప్పేయండి. ఆ బట్టలను బ్యాగులో ముద్దగా కుక్కి ఉంచితే ఎంత ఉతికినా వాసన ముదురుతుంది. వెంటనే ఉతకడం కుదరకపోతే కనీసం తీగ మీద ఆరేయండి.

ఇప్పటికే కంపు పట్టిన చొక్కాలను తిరగేసి, ఎంజైములు ఉన్న డిటర్జెంట్‌తో, లేబుల్ మీద ఎంత వేడి ఒప్పుకుంటే అంత వేడి నీళ్లలో ఉతకండి. 60 డిగ్రీలు తట్టుకునే బట్ట అయితే చాలా బ్యాక్టీరియా చస్తుంది. తట్టుకోనివాటిని ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి ఉతకండి. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేయకండి, అది దారాల మీద పొర కట్టి లోపలి జిడ్డును బయటికి రానివ్వదు. మళ్లీ ఇస్త్రీ పెట్టె పరీక్ష చేయండి. అప్పటికీ వాసన లేస్తే ఆ చొక్కాను వదిలేయండి. దాని కోసం కొత్త డియోడరెంట్ కొనడం దండగ.

పాదాలు

చంకలకు చెప్పిన మందులే పాదాలకూ పనిచేస్తాయి, యాంటీపర్స్పిరెంట్‌తో సహా. కానీ ఎక్కువమందికి అసలు మార్చాల్సింది బూట్లు. ఒకే జత రోజూ వేసుకుంటే లోపలి తడి ఆరడానికి సమయమే ఉండదు. రెండు జతలు మార్చి మార్చి వాడండి, లోపలి అట్టలు బయటికి తీసి ఆరబెట్టండి. సాక్సులు రోజూ మార్చాలని వేరే చెప్పనక్కర్లేదు. అరికాలిని వెలుతురులో చూసుకున్నప్పుడు మడమ దగ్గర, వేళ్ల కింద గుండుసూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే, వాసన కూడా భరించలేనట్టుగా ఉంటే, అది బ్యాక్టీరియా వల్ల వచ్చే చర్మ సమస్య. పైపూత యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, డాక్టర్‌కి చూపించండి.

ఆడవాళ్ల విషయంలో ఒక మాట. యోని లోపలి భాగాన్ని సబ్బుతో గానీ, సువాసన ద్రవాలతో గానీ కడగకూడదు. అక్కడ ఉండాల్సిన మేలు చేసే బ్యాక్టీరియా పోయి కొత్త సమస్యలు మొదలవుతాయి. బయటి భాగాన్ని నీళ్లతో కడిగితే చాలు. చేపల వాసనతో తెల్లగా, బూడిద రంగులో స్రావం అవుతుంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, మందులతో నయమవుతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

అన్నీ సరిగ్గా చేసినా చెమట ఆగకుండా రోజువారీ పనులకు అడ్డొస్తుంటే చర్మ వైద్యుడి దగ్గర ఇంకా దారులు ఉన్నాయి. చంకల్లో బోటాక్స్ ఇంజెక్షన్ సుమారు ఆరు నెలలు చెమటను బాగా తగ్గిస్తుంది, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. మైక్రోవేవ్ చికిత్స చెమట గ్రంథులనే నాశనం చేస్తుంది, ప్రభావం నిలిచి ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. చేతులు, పాదాలకు నీటిలో స్వల్ప విద్యుత్తు పంపే పద్ధతి ఉంది. మాత్రలూ ఉన్నాయి గానీ నోరు ఎండిపోవడం లాంటి ఇబ్బందులు వస్తాయి. ఆపరేషన్ చివరి మాట. తర్వాత ఒంట్లో ఇంకో చోట చెమట పెరిగే అవకాశం ఉంది కాబట్టి తొందరపడవద్దు.

ఇవి కనిపిస్తే మాత్రం ఇంట్లో ప్రయోగాలు ఆపి వెంటనే వెళ్లండి. ఎప్పుడూ లేనిది వాసన ఒక్కసారిగా మారడం. రాత్రిళ్లు పక్క తడిసిపోయేలా చెమట, దాంతో పాటు జ్వరం, బరువు తగ్గడం. షుగర్ ఉన్నవాళ్లకు ఊపిరిలో పండిన పండ్ల వాసన. చంకల్లో, గజ్జల్లో మళ్లీ మళ్లీ నొప్పి గడ్డలు లేచి చీము కారడం. ఈ ఆఖరిది అశుభ్రత వల్ల వచ్చేది కాదు, కానీ సిగ్గుపడి ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లు ఉన్నారు. కొత్త మందు మొదలుపెట్టాక చెమట పెరిగితే ఆ మందు రాసిన డాక్టర్‌కే చెప్పండి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు అలా చేస్తాయి. ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లకి, తొమ్మిదేళ్లు నిండని మగపిల్లాడికి పెద్దవాళ్లలాంటి చంక వాసన వస్తుంటే పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించాలి.

ఇంకొకరికి చెప్పాల్సి వస్తే

పక్కన పనిచేసే మనిషికి వాసన వస్తుంటే బల్ల మీద డియోడరెంట్ పెట్టి వెళ్లడమా, అందరికీ కలిపి శుభ్రత గురించి సందేశం పంపడమా, నేరుగా చెప్పడమా? మొదటి రెండూ సులువు, అందుకే అందరూ అవే చేస్తారు. ఎవరు పెట్టారో తెలియని సీసా ఆ మనిషికి అందరి మీదా అనుమానం పుట్టిస్తుంది. సామూహిక సందేశం ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ తగులుతుంది. దగ్గరివాళ్లు ఒక్కరే, ఎవరూ లేనప్పుడు, రెండు మాటల్లో చెప్పడం మేలు. "మీకు తెలిసి ఉండదని చెబుతున్నా. ఈమధ్య చొక్కా దగ్గర చెమట వాసన వస్తోంది. బట్ట వల్ల కూడా అవుతుంటుంది, ఒకసారి చూసుకోండి." అంతే చెప్పి మాట మార్చేయండి. మళ్లీ గుర్తుచేయకండి, మార్పు కనిపించినా మెచ్చుకోకండి. పిల్లలు యవ్వనంలోకి వస్తున్నప్పుడు అమ్మానాన్నలు చెప్పాల్సింది ఇంకాస్త వివరంగా ఉండాలి. చంకలు ఎలా కడగాలి, సీసా ఎప్పుడు రాసుకోవాలి అన్నది చేసి చూపించాలి. తోటి పిల్లలు నవ్వేదాకా ఆగకూడదు.